ఎంత రావాలి సార్?

బెంగళూరులో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు. ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి 97 డిగ్రీలు వచ్చేసరికే మరిగిపోతాయి. తిరుమల కొండ మీదా ఇంచుమించు ఇంతే, పోటులో, అంటే గుడి వంటశాలలో, ఎసరు 100 దాకా రాదు. ఇందులో ఎవరికీ తెలియని సంగతేమీ లేదు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ మరుగు స్థానం తగ్గుతుందని హైస్కూల్ పిల్లలు చదువుతారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు.

అయినా ఇదే ఊళ్ళో తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలి సైన్స్ రికార్డులో నీళ్ళు సరిగ్గా 100 డిగ్రీలకు మరిగాయి. దాని స్నేహితురాళ్ళ రికార్డుల్లోనూ అంతే. ల్యాబ్‌లో థర్మామీటర్ మాత్రం 97 దగ్గర ఆగింది. పిల్లలు ఆ గీతను కళ్ళారా చూశారు, చూసి టీచర్‌ను అడిగారు. "థర్మామీటర్ సరిగ్గా లేదేమో, 100 రావాలి, 100 రాసేయండి" అన్నారట. రాసేశారు. రికార్డు మీద ఎర్ర సిరాతో టిక్కు, సంతకం, తేదీ పడ్డాయి.

ఈ మాట నాకు చెప్పినప్పుడు అది ఫిర్యాదులా కూడా చెప్పలేదు. "ల్యాబ్‌లో అంతే మామయ్యా, ఎంత వచ్చినా బుక్‌లో ఉన్నదే రాయాలి" అంది. నాకు బాధ కలిగింది అక్కడే. పద్నాలుగేళ్ళ పిల్ల తన కంటికి కనిపించిన అంకెను కొట్టేసి, కనిపించని అంకెను రాసింది. ఆ పని సైన్స్ క్లాసులోనే నేర్చుకుంది.

నేను పీణ్యలో ఒక క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో పని చేస్తాను. ఫ్యాక్టరీల నుంచి వచ్చే ప్రెషర్ గేజ్‌లు, థర్మామీటర్లు, మందం కొలిచే మైక్రోమీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో మా దగ్గరున్న మాస్టర్‌తో, అంటే నమ్మకమైన ప్రామాణిక పరికరంతో, పోల్చి చూసి సర్టిఫికెట్ ఇవ్వడం మా పని. ఆ సర్టిఫికెట్ మీద ఏ అంకె కూడా ఒంటరిగా ఉండదు. ఇంత వచ్చింది, ఇందులో ఇంత అటూ ఇటూ ఉండవచ్చు అని రెండూ రాయాలి. ఆ రెండోది లేకపోతే మొదటిదాన్ని ఎవరూ నమ్మకూడదు.

మా దగ్గరకు డిప్లొమా, బీటెక్ చదివిన కుర్రాళ్ళు ట్రైనీలుగా వస్తారు. వాళ్ళలో మనవాళ్ళు చాలామందే: అనంతపురం, హిందూపురం, కడప, చిత్తూరు వైపు నుంచి. చేరిన కొత్తలో ఒక్కొక్కరి చేతికి ఒక మైక్రోమీటర్, ఒక స్టీలు పిన్ను ఇచ్చి పది చోట్ల కొలిచి రాసుకు రమ్మంటాను. దాదాపు ప్రతి ఒక్కరూ పిన్ను చేతిలోకి తీసుకున్నాక అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, ఎంత రావాలి?" 20 మిల్లీమీటర్ల పిన్ను అని చెప్పామా, పది చోట్లా 20.00 అని రాసుకొస్తారు. చెప్పకపోతే కంగారు పడతారు. ఒక చోట 19.98, ఇంకో చోట 20.01 వస్తే తమ చేతిలోనే లోపం ఉందనుకుంటారు. పిన్నే అలా ఉందేమో అన్న ఆలోచన రాదు.

వాళ్ళు మోసం చేసే పిల్లలు కారు. తెలివిలో లోటేమీ లేదు, కష్టపడతారు, ఇంటికి డబ్బు పంపిస్తారు. జవాబు ముందే ఒక చోట రాసి ఉంటుందనీ, దాన్ని చేరుకోవడమే ప్రయోగమనీ హైస్కూల్ నుంచి వాళ్ళకు నేర్పించారు. వాళ్ళు శ్రద్ధగా నేర్చుకున్నారు. ఆ అలవాటు వదిలించడానికి మాకు నెలలు పడుతుంది. బాయిలర్ మీద పెట్టే గేజ్‌కి ఎంత వచ్చిందో రాయకుండా ఎంత రావాలో రాస్తే, ఆ బాయిలర్ పక్కన నిలబడి పని చేసేవాళ్ళ గతేమిటి? పని నేర్పేటప్పుడు నేను ముందు చెప్పేది ఇదే.

హైస్కూల్ సైన్స్‌లో పిల్లలు ఎన్ని పాఠాలు చదువుతున్నారు, సిలబస్ ఎక్కువా తక్కువా అన్న చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నా గొడవ అది కాదు. ఒక్క కొలత అయినా నిజాయితీగా తీసి, వచ్చింది వచ్చినట్టు రాసి, అది ఎందుకలా వచ్చిందో తేల్చుకునే అవకాశం పదో తరగతి దాటేలోపు ప్రతి పిల్లకూ, పిల్లాడికీ దొరకాలి. ఇది లేకుండా మిగతా సిలబస్ అంతా చదివినా వాళ్ళు సైన్స్ చదివినట్టు నేను ఒప్పుకోను.

ఆ 97ను పట్టుకుని వదలకపోతే ఏం జరిగేదో చెప్తాను, ఎందుకంటే ఆ తర్వాత ఇంట్లో మేం చేసింది అదే. మైనస్ 10 నుంచి 110 దాకా గీతలున్న మామూలు ల్యాబ్ థర్మామీటర్ ఒకటి కొన్నాను. అక్క వాళ్ళ వంటింట్లో నీళ్ళు మరగబెట్టాం. 97. అప్పుడు పిల్లను అడిగాను, "మీ టీచర్ అన్నట్టు థర్మామీటరే తప్పేమో, ఎలా తెలుసుకుంటావు?" అని. ఆ టీచర్ అనుమానంలో తప్పేమీ లేదు, పరికరాన్ని అనుమానించడం మంచి అలవాటు. అనుమానం వచ్చాక పరీక్షించి చూడకపోవడమే లోపం. కాసేపు ఆలోచించి, రికార్డులో ఆ ప్రయోగానికి ముందు ఏముందో గుర్తు తెచ్చుకుంది: మంచు కరిగే ఉష్ణోగ్రత. ఐస్ ముక్కలు దంచి, కాసిని నీళ్ళు పోసి, థర్మామీటర్ అందులో ఉంచి ఆగింది. సున్నా దగ్గర నిలబడింది. అంటే కింది చివర థర్మామీటర్ సరిగ్గానే చూపిస్తోంది.

మరి నీళ్ళలో ఏమైనా ఉందేమో? అక్క వాళ్ళకు వచ్చేవి బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు కలిపి. ఉప్పులు కరిగి ఉన్న నీళ్ళు ఇంకాస్త ఎక్కువ వేడికి మరుగుతాయి గానీ తక్కువకు మరగవని పుస్తకంలో వెతికి తనే చెప్పింది. కాబట్టి నీళ్ళ మీద నేరం మోపడానికి లేదు. ఇక మిగిలింది గాలి. నా ఫోన్‌లో పీడనం చూపించే సెన్సర్ ఉంది. అది 910 హెక్టోపాస్కల్‌లు చూపించింది. సముద్రమట్టం దగ్గర సగటున ఉండేది 1013. ఆ తేడా చూసి "ఓహో" అంది.

అక్కడితో ఆగినా చాలేది. కానీ దసరా సెలవులకు అమ్మమ్మ వాళ్ళ ఊరు చీరాల వెళ్తూ థర్మామీటర్‌ను బట్టల మధ్య చుట్టి పెట్టుకుంది. అమ్మమ్మ పొయ్యి మీద అదే గిన్నెలో, అదే థర్మామీటర్‌తో చూస్తే 99కీ 100కీ మధ్య నిలిచింది. ఫోన్ చేసి, "మామయ్యా, వంద రాలేదు, ఒక అర గీత తక్కువ వచ్చింది, ఎందుకు?" అని అడిగింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. వంద వచ్చేసిందని రాసేసుకోకుండా ఆ అర గీతను అడిగింది. థర్మామీటర్ కాడ నీళ్ళ బయట చల్లగా ఉంటే కాస్త తక్కువ చూపిస్తుందని, గీతల మధ్య కంటితో అంచనా వేయడంలోనూ కొంత అటూ ఇటూ ఉంటుందని మాట్లాడుకున్నాం. పీడనం, మరుగు స్థానం, పరికరం మీద నమ్మకం, ఒక్కొక్క కారణాన్నీ పక్కన పెట్టుకుంటూ రావడం, ఇవన్నీ స్కూల్ కొట్టేయమన్న ఒక్క అంకెలోంచి వచ్చాయి.

ఇంత చేస్తే మార్కులెన్ని అని అడుగుతారు తల్లిదండ్రులు. న్యాయమైన ప్రశ్నే. సీబీఎస్‌ఈ పదో తరగతి సైన్స్‌లో 80 మార్కులు రాత పరీక్షకు. మిగిలిన 20 ఇంటర్నల్. ఆ ఇరవైలో ప్రయోగాలకు ఉన్నది 5. నూటికి ఐదు. అదీ రికార్డు నీట్‌గా ఉందా, బొమ్మలు బాగా వేశారా అని చూసి వేసేదే ఎక్కువ. రికార్డు ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. పై క్లాసు వాళ్ళది తెచ్చుకుని, ఆదివారం మధ్యాహ్నం నలుగురు పిల్లలు ఒక ఇంట్లో చేరి, రీడింగులతో సహా దించుతారు. మా అపార్ట్‌మెంట్‌లో టేబుల్ చుట్టూ కూర్చుని అలా దించుతున్న పిల్లలను చూస్తే వాళ్ళ మీద కోపం రాదు. నూటికి ఐదు మార్కులున్న పనికి ఎంత విలువ ఇవ్వాలో వాళ్ళకు మనమే చెప్పాం కదా.

మన ఆంధ్రా, తెలంగాణల్లో ఇది ఇంకా పాత జబ్బు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీలకు ప్రాక్టికల్స్ ఒక్కోదానికి 30 మార్కులు ఉన్నా, మా కాలేజీలో సాల్ట్ అనాలిసిస్ రోజున, అంటే ఇచ్చిన లవణం ఏదో పరీక్షలు చేసి కనిపెట్టాల్సిన రోజున, ఎవరికి ఏ సాల్ట్ వచ్చిందో అటెండర్ ముందే చెవిలో చెప్పిపోయేవాడు. జవాబు నుంచి వెనక్కి నడిచి పరీక్షలన్నీ "పాజిటివ్" అని రాసేవాళ్ళు. ఇప్పుడు ఆ పద్ధతే ఆరో తరగతి దాకా దిగింది. బెంగళూరులో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఏ గోడ చూసినా ఐఐటీ ఫౌండేషన్ బోర్డులే. పన్నెండేళ్ళ పిల్లాడు సాయంత్రం రెండు గంటలు కూర్చుని లఘులోలకం సూత్రంలో అంకెలు వేసి నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకుంటాడు. చేత్తో దారం పట్టుకుని ఊపి చూసి ఉండడు.

ఆ లోలకం సంగతే చూడండి. ఏడో తరగతిలోనే వస్తుంది. దారానికి గోళీ కట్టి, 20 ఊగులకు ఎంత సేపు పట్టిందో చూసి 20తో భాగించమంటారు. ఇరవై ఎందుకు? ఒక్క ఊగుకు ఎంత పట్టిందో చూస్తే సరిపోదా? ఈ ప్రశ్న మా ట్రైనీలను అడుగుతుంటాను. ఇంజనీరింగ్ పూర్తి చేసినవాళ్ళు కూడా "బుక్‌లో అలా ఉంది సార్" అంటారు.

మీటరు పొడవున్న లోలకం ఒక పూర్తి ఊగుకు దాదాపు 2 సెకన్లు తీసుకుంటుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కడంలో మన వేలు ఒక 0.2 సెకను తొందరపడుతుంది, లేదా ఆలస్యం చేస్తుంది. ఒక్క ఊగునే కొలిస్తే 2 సెకన్లలో 0.2 తప్పు, అంటే నూటికి పది. దాంతో భూమి గురుత్వ త్వరణాన్ని లెక్కిస్తే తప్పు రెట్టింపై నూటికి ఇరవై దాకా పోతుంది. 9.8 రావలసింది 8 రావచ్చు, 12 రావచ్చు. అదే 20 ఊగులు కొలిస్తే 40 సెకన్లలో 0.2 తప్పు. గురుత్వ త్వరణంలో తప్పు నూటికి ఒకటికి దిగుతుంది. వేలు అదే, ఫోన్ అదే, దారం అదే. కొలిచే తీరు మార్చితే ఇరవై రెట్లు నమ్మదగిన అంకె వచ్చింది. ఇది ఒకసారి చేతితో చేసి చూసిన పిల్లకు, ఖరీదైన పరికరం లేకుండా కూడా జాగ్రత్తగా కొలవవచ్చని జీవితాంతం గుర్తుంటుంది. దీని కోసం కావలసింది ఒక పీరియడ్, ఒక గోళీ. కానీ "20 ఎందుకు" అన్నది పరీక్షలో రాదు కాబట్టి క్లాసులోనూ రాదు.

చదివింది ఇంటి గడప దాటి లోపలికి రాకపోవడం అంటే ఏమిటో మా అపార్ట్‌మెంట్‌లోనే చూశాను. వాటర్ ప్యూరిఫయర్ అమ్మే కుర్రాడొకడు కింద హాల్లో డెమో పెట్టాడు. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్ళు, ఇంకో గ్లాసులో తన మెషీన్ ఆర్వో నీళ్ళు. రెండింట్లోనూ లోహపు కడ్డీలున్న చిన్న పరికరం ముంచి కరెంట్ పెట్టాడు. నిమిషంలో కుళాయి నీళ్ళు గోధుమ రంగుకు తిరిగి, పైన తెట్టు కట్టాయి. ఆర్వో నీళ్ళు తేటగా ఉండిపోయాయి. "మీ పిల్లలు రోజూ తాగుతున్న మురికి ఇదీ మేడమ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అదిరిపోయారు. వాళ్ళలో సగం మంది ఇంజనీర్లు.

అక్కడ జరిగింది పదో తరగతి విద్యుద్విశ్లేషణ. కడ్డీలలో ఇనుము ఉంటుంది. కరెంట్ పారితే ఆ ఇనుము కరిగి తుప్పుగా నీళ్ళలోకి దిగుతుంది. కుళాయి నీళ్ళలో కరిగిన లవణాలు ఉన్నాయి కాబట్టి కరెంట్ పారింది. ఆర్వో నీళ్ళలో లవణాలు దాదాపు లేవు కాబట్టి పారలేదు. ఆ రంగు కడ్డీది, నీళ్ళలోని మురికిది కాదు. నేను నోరు తెరిచేలోపే, మా పైఫ్లోర్‌లో ఉండే పదో తరగతి కుర్రాడు, "అంకుల్, ఆర్వో నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టండి" అన్నాడు. అమ్మే కుర్రాడు వద్దన్నా ఎవరో ఇంట్లోంచి ఉప్పు తెచ్చారు. ఆర్వో గ్లాసు కూడా గోధుమ రంగుకు తిరిగింది. నాకు తెలిసి ఆ సాయంత్రం ఆ హాల్లో ఉన్న చదువుకున్నవాళ్ళందరిలో సైన్స్ చేసింది ఆ అబ్బాయి ఒక్కడే. పాఠం అందరికీ తెలుసు. మార్చి చూడాల్సింది ఏమిటో అతనికి తెలిసింది.

బెంగళూరు పిల్లలకు నీళ్ళను మించిన ల్యాబ్ లేదు. కావేరి నీళ్ళు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి వస్తాయి, పైగా వాటిని సుమారు 500 మీటర్లు ఎత్తాలి. ఒక ఘనమీటరు నీళ్ళను, అంటే వెయ్యి కిలోలను, అంత పైకి ఎత్తడానికి ఎంత శక్తి కావాలో తొమ్మిదో తరగతి పాఠంతోనే లెక్కకట్టవచ్చు. ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు, మూడింటినీ గుణిస్తే చాలు. దాదాపు 49 లక్షల జౌళ్ళు. కరెంట్ బిల్లు భాషలో సుమారు 1.4 యూనిట్లు, పంపులో వృథా అయ్యేది కలపకుండానే. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం కాచుక్కూర్చున్న పిల్లలకు ఈ లెక్క చెప్తే ఎవరైనా నిద్రపోతారా?

కఠిన జలం పాఠం చూడండి. పదో తరగతి ప్రయోగాల పట్టికలో సబ్బు నురగను మంచి నీళ్ళలోనూ కఠిన జలంలోనూ పోల్చడం ఉంది. స్కూల్ ల్యాబ్‌లో ఆ కఠిన జలాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కాల్షియం లవణం కలిపి తయారు చేస్తారు. బెంగళూరులో, బోరు నీళ్ళతో గీజర్ కాయిల్స్ తెల్లగా గార కట్టే ఊళ్ళో, కఠిన జలాన్ని సీసాలోంచి తయారు చేస్తారు! ప్రతి పిల్లనూ ఇంటి నుంచి ఒక బాటిల్ తెమ్మంటే కావేరి, బోరు, ట్యాంకర్, ఆర్వో అన్నీ వరసగా బల్ల మీదికి వస్తాయి. ఎవరి నీళ్ళలో ఎంత నురగ వచ్చిందో గీత పెట్టుకుని కొలవచ్చు. తాగే నీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా పరవాలేదని మన బీఐఎస్ (దేశ ప్రమాణాల సంస్థ) ప్రమాణం చెప్తుంది. పిల్లలు పదిహేనేళ్ళకే తమ వార్డు నీళ్ళ గురించి అంకెలతో మాట్లాడగలరు. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చూపించే రెండు వందల రూపాయల టీడీఎస్ మీటర్ నిజానికి కొలిచేది నీళ్ళలో కరెంట్ ఎంత తేలిగ్గా పారుతోందన్నదేననీ, దాన్ని ఒక గుణకంతో గుణించి అంకె చూపిస్తుందనీ తెలిస్తే, ఆ మీటర్ చూపించి భయపెట్టేవాళ్ళ ముందు మన పిల్లలు తెల్లమొహం వేయరు.

ఇవన్నీ చెప్పినప్పుడు నాకు టీచర్ల నుంచి వచ్చే జవాబు ఒకటుంది. సెక్షన్‌కి 45 మంది, పీరియడ్ 40 నిమిషాలు, ల్యాబ్ ఒకటే, సిలబస్ జనవరికి అయిపోవాలి, ఆ పైన రివిజన్. వాళ్ళు చెప్పేది నిజం. 97 చూసిన టీచర్‌ను నేను తప్పు పట్టను. ఆ రోజు ఆమె "ఎందుకు 97" అని ఆగి ఉంటే తర్వాతి పాఠం వెనకబడేది, దానికి ప్రిన్సిపల్‌కి సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆమే. అందుకే నేను అడుగుతున్నది టీచర్ల మంచితనాన్ని కాదు, పరీక్ష పద్ధతిలో మార్పును. ప్రయోగాలకు ఉన్న 5 మార్కులను కనీసం 25 చేయండి. ఏడాదికి పదిహేను ప్రయోగాలు రికార్డులో దించే బదులు నాలుగైదు చేయించండి, కానీ పూర్తిగా. పుస్తకంలోని అంకెకు ఎంత దగ్గరగా వచ్చిందో చూసి మార్కులు వేయకండి. వచ్చిన అంకెను దాచకుండా రాశారా, తేడాకు కారణం వెతికారా, ఆ కారణాన్ని పరీక్షించారా, వీటికి వేయండి. సీబీఎస్‌ఈ ఇప్పుడు ప్రశ్నపత్రంలో సగం దాకా కాంపిటెన్సీ ప్రశ్నలు, అంటే చదివినదాన్ని అన్వయించి రాసేవి, ఇస్తోంది. మంచిదే. కానీ అక్కడా పట్టికలోని అంకెలు ఎవరో కొలిచి ఇచ్చినవే. తన చేతులతో కొలవని పిల్లకు ఆ పట్టికలో ఏ అంకెను అనుమానించాలో తెలియదు.

మన దేశంలో ఇది కుదరదని అనేవాళ్ళకు హోషంగాబాద్ గుర్తు చేస్తాను. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలై, ప్రభుత్వ మిడిల్ స్కూళ్ళలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సైన్స్ అంతా ప్రయోగాలతోనే చెప్పారు. పల్లెటూరి బడులు, చవక సామానుతో కట్టిన కిట్లు, టీచర్లకు శిక్షణ. పరీక్షలో పుస్తకం తెరిచి రాయనిచ్చేవారు, దాంతో పాటు చేతితో చేసి చూపించే పరీక్ష పెట్టేవారు. మూడు దశాబ్దాలు నడిచింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ప్రభుత్వ బడిలో అది నడవగలిగినప్పుడు, ఏడాదికి లక్షన్నర, రెండు లక్షలు ఫీజు తీసుకునే బెంగళూరు స్కూల్‌లో ఒక గోళీ, ఒక దారం, ఒక ఐస్ ట్రే నడవకపోవడానికి కారణం డబ్బు అయితే కాదు. అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల కోసం ఒక్కో స్కూల్‌కి 20 లక్షల దాకా కేంద్రం గ్రాంటు ఇచ్చింది. త్రీడీ ప్రింటర్లు, రోబో కిట్లు వచ్చాయి. వాటిని కాదనను. కానీ త్రీడీ ప్రింటర్‌లో చేసిన ముక్కను స్కేలుతో కొలిచి, డ్రాయింగ్‌లో ఉన్నదానికి ఎంత తేడా వచ్చిందో రాయించే స్కూల్ ఏదైనా ఉంటే వెళ్ళి టీచర్‌కి దండం పెట్టాలనుంది.

అన్నీ పిల్లలు కొలిచి చూడలేరు, అది నాకూ తెలుసు. అణువును ఎవరూ వంటింట్లో చూపించలేరు. అలాంటి చోట, కొలిచినవాళ్ళ కథ చెప్పాలి. హీలియం పరమాణు సంఖ్య 2 అని గుంటూరు పిల్లలందరికీ వచ్చు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి ఆ గుంటూరులోనే మకాం వేశాడనీ, సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని వర్ణపటంగా, అంటే రంగుల పట్టీగా, విడదీసి చూశాడనీ ఎంతమందికి చెప్పాం? అలా విడదీసిన కాంతిలో ఒక్కో మూలకానికి తనవైన గీతలు ఉంటాయి. ఆ జ్వాలల కాంతిలోని ఒక పసుపు గీత సోడియం గీతకు పక్కనే ఉన్నా సోడియంది కాదని అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ పట్టుకున్నాడు. అప్పటికి భూమి మీద ఎవరూ చూడని పదార్థం, అదే హీలియం. 1895లో రామ్సే దాన్ని భూమి మీద దొరికించుకునేదాకా, 27 ఏళ్ళు, సాక్ష్యం అంతా ఆ ఒక్క గీతే. "సోడియం దగ్గరే ఉంది కదా, సోడియం అని రాసేద్దాం" అని లాకియర్ ఊరుకోలేదు.

మెండెలీఫ్ కథ ఇంకా బాగుంటుంది. 1869లో ఆవర్తన పట్టిక వేసినప్పుడు ఖాళీలు వదిలి, అక్కడికి రాబోయే మూలకాల గుణాలు ముందే చెప్పాడు. 1875లో గాలియం దొరికింది. కనిపెట్టినాయన సాంద్రత కొలిస్తే 4.7 వచ్చింది. మెండెలీఫ్ లెక్క ప్రకారం 5.9 ఉండాలి. నమూనా శుద్ధిగా లేదేమో, మళ్ళీ కొలవండి అని రాశాడు. శుద్ధి చేసి మళ్ళీ కొలిస్తే 5.9 వచ్చింది. ఇక్కడ కూడా ఒకాయన "ఇంత రావాలి" అన్నాడు కదా అని మా మేనకోడలు నన్ను నిలదీసింది. మంచి ప్రశ్న. అన్నాడు, కానీ రాసేయమనలేదు, మళ్ళీ కొలవమన్నాడు. వాళ్ళు కొలిచారు. ఇప్పుడు చూస్తే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి ఆవర్తన పట్టిక పాఠమే తీసేశారు. 2023లో జీవపరిణామం కూడా పోయి, "అనువంశికత, పరిణామం" పాఠం ఉత్త "అనువంశికత"గా మిగిలింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు అభ్యంతరం చెప్తూ బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పై క్లాసుల్లో ఉన్నాయి కదా అన్నారు ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు. పదకొండులో మ్యాథ్స్ గ్రూపు తీసుకున్న పిల్లలకు బయాలజీ ఉండదు, పరిణామం గురించి వాళ్ళు బడిలో ఇక ఎప్పటికీ వినరు. మన తెలుగు ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలు ఎంపీసీ వైపు వెళ్తారో నేను చెప్పక్కర్లేదు. భారం తగ్గించడానికి తీసేశామన్నారు. సాక్ష్యాలను బట్టి ఒక నిర్ణయానికి ఎలా వస్తారో చూపించే పాఠాలు తీసేసి, సూత్రాలు కంఠస్థం చేసే పాఠాలు ఉంచితే తగ్గింది ఏ భారమో నాకు అర్థం కాలేదు.

బోర్డులు మారేదాకా ఆగలేని తల్లిదండ్రులకు ఒక పని చెప్తాను. ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో బెంగళూరులో, చెన్నైలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టు 18 ప్రాంతంలో మళ్ళీ ఇలాగే జరుగుతుంది గానీ అప్పుడు మబ్బుల బెడద. అదే ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో నీడ ఉంటుంది. హైదరాబాద్ బెంగళూరుకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అక్కడొక పెద్దమ్మ కొడుకో, బాబాయి కూతురో ఉండనే ఉంటారు. ఇద్దరు పిల్లలూ మీటరు పొడవున్న కర్రలు తీసుకుని, దారానికి రాయి కట్టి నిలువు సరిచూసుకుని నిలబెట్టాలి. సరిగ్గా పన్నెండింటికి కాదు. మన గడియారాలు కాకినాడ దగ్గరగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి కాబట్టి బెంగళూరుకు మిట్టమధ్యాహ్నం 12:17 ప్రాంతంలో, హైదరాబాద్‌కు 12:14 ప్రాంతంలో అవుతుంది. విశాఖలో బంధువులుంటే వాళ్ళకు పన్నెండు కాకముందే. పావుగంట ముందు నుంచి రెండు నిమిషాలకొకసారి నీడ చివర గుర్తు పెట్టుకుంటూ పోయి, అన్నిటికంటే పొట్టి నీడను తీసుకోవాలి.

హైదరాబాద్‌లో వచ్చిన ఆ నీడ పొడవు నుంచి కోణం కట్టండి, ట్యాన్ విలువలు పదో తరగతిలో వస్తాయి, లేదా కాగితం మీద త్రిభుజం గీసి కోణమానినితో కొలిచినా చాలు. రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం స్కేలున్న మ్యాపు మీద చూసుకోండి, సుమారు 490 కిలోమీటర్లు వస్తుంది. రోడ్డు దూరం తీసుకోవద్దు, రోడ్డు వంకర్లు తిరుగుతుంది. ఆ కోణానికి అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంతో లెక్కేస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసిన పని ఇదే. హైదరాబాద్‌లో నీడ ఎంత రావాలో నేను ఇక్కడ రాయడం లేదు. పిల్లలకు కూడా ముందే వెతికి చెప్పకండి.

ఒక్క ఇబ్బంది మాత్రం ముందే చెప్తాను. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పుంటాడు. అందుకని మీటరు కర్ర నీడ అంచు స్పష్టంగా ఉండదు, దాదాపు ఒక సెంటీమీటరు మేర మసగ్గా ఉంటుంది. ముదురు నీడ ఆగేచోట గుర్తు పెడితే ఒక అంకె, మసక పూర్తిగా పోయేచోట పెడితే ఇంకో అంకె వస్తుంది. మసక మధ్యలో పెట్టడం మంచిది. ఎక్కడ పెట్టినా, మొదటి నుంచి చివరిదాకా అన్ని గుర్తులకూ ఒకే పద్ధతి పాటించి, ఆ పద్ధతి ఏమిటో పొడవు పక్కనే నోట్‌బుక్‌లో రాయించండి.